ఇద్దరు నూకరాజులు, ఒకే ఫొటో

2023లో చోడవరం బస్టాండు దగ్గర మేడమీద గదిలో వెబ్‌సైట్లు చేసేదాన్ని. ఇప్పుడూ అదే గది, అదే ఉక్క. మా ఊళ్ళో పెళ్ళి సంబంధాలు కుదిర్చే మాస్టారి సైటు అప్పుడే నా చేతికొచ్చింది. ఎవరో మహానుభావుడు రాసి వదిలేసిన కోడ్ అది.

ఓ పొద్దున ముగ్గురు మెట్లెక్కి వచ్చేరు. చెరకు రైతు అప్పారావు గారు, ఆయన కూతురు లక్ష్మి, వెనకాల తలొంచుకుని దేవరాపల్లి నూకరాజు. ముందురోజే పెళ్ళిచూపులు. సైట్లో ఫొటోలో ఉన్నవాడొకడు, ఇంటికొచ్చినవాడొకడు! అంతకుముందు కొన్నాళ్ళు లక్ష్మీ, నూకరాజూ ఫోన్లో మాటాడుకున్నారు గానీ, వీడియో కాల్స్ వద్దన్నది అప్పారావు గారే. సైటు చూసే ఆవిణ్ణే అడుగుదామని పట్టుబట్టి తీసుకొచ్చింది మాత్రం లక్ష్మి.

"సొంత మొకం సూపించనోడికి నా గుంటనిచ్చి పెళ్ళెలా సేస్తానమ్మా?" అన్నారు అప్పారావు గారు.

"నాను నా ఫొటోయే ఎక్కించేను మేడమ్. ఎవులూ నమ్మట్లేదు. ఊళ్ళో మోసగాడంతన్నారు" అన్నాడు నూకరాజు. కళ్ళల్లో నీళ్ళు. నాకు ప్రాణం ఉసూరుమంది.

సైట్లో ఒక్కో మనిషి వివరాలు డేటాబేస్‌లో ఒక్కో రికార్డుగా ఉంటాయి. ఫొటో అందులో ఉండదు. అది వేరే ఫోల్డర్లో ఉంటుంది, రికార్డులో దాని పేరు మాత్రమే రాసి ఉంటుంది. మా వైపు నూకాలమ్మ తల్లికి మొక్కుకుంటే పుట్టిన మగపిల్లలు ఎంతమందో, అంతమందీ నూకరాజులే. ఫోల్డర్ తెరిచి చూద్దును కదా, చీడికాడ ఊరి నూకరాజొకడు, ఈ నూకరాజులాగే తన ఫొటోకీ తన పేరే పెట్టి, ఈయన తర్వాత అప్‌లోడ్ చేసేడు. అదే పేరుతో రెండో ఫైలు రాగానే మొదటిది చెరిగిపోయింది. దానికి కోడ్‌లో అడ్డే పెట్టలేదు ఆ మహానుభావుడు. రికార్డులు రెండూ పదిలంగానే ఉన్నాయి, రెండిట్లోనూ చీడికాడ మొహమే.

సర్వర్ దాచుకునే పాత నకలుంటుంది, బ్యాకప్ అంటాం. అది తెరిచేను. అమ్మయ్య, దొరికింది! చెరకు తోట గట్టుమీద, ఎండకి కళ్ళు చికిలించి నవ్వుతూ, ఈ నూకరాజే.

అప్పారావు గారు ఆ ఫొటోనీ నూకరాజునీ మార్చి మార్చి చూసేరు. తన కుర్చీలోంచి లేచి, ఆ కుర్చీ నూకరాజు వైపు జరిపి, "కూకో బాబూ" అన్నారు.

ఆ తర్వాత కూతురి వైపు తిరిగి, ఆ చీడికాడ ఫొటోలోవాడు ఎర్రగా ఉన్నాడు కదే, ఈ అబ్బాయి పర్లేదా అని మెల్లిగా అడిగేరు.

"నాను మాటాడింది ఈయనతోనే కదా నాన్నా" అంది లక్ష్మి.

ఆ పూటే కోడ్ సరిచేసేను. ఇప్పుడు ఎవరు ఏ పేరుతో పంపినా, ఫొటోకి వాళ్ళ రికార్డు నంబరే పేరవుతుంది. లక్ష్మీ నూకరాజుల పెళ్ళికెళ్ళి కడుపునిండా తిని, మనసారా దీవించి వచ్చేను. ఫొటో అయితే వెనక్కి తెచ్చేను గానీ, ఊరంతా మోసగాడంటుంటే ఆ అబ్బాయి పెళ్ళిచూపుల రోజు రాత్రి ఎలా గడిపేడో తల్చుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అందుకే ఎవరిమీద ఫిర్యాదొచ్చినా, ముందు "కూర్చోండి" అంటాను. ఆ తర్వాతే ఫోల్డర్ తెరుస్తాను.