ఎక్కడ కూర్చున్నావమ్మా?

ఆంటీ పోయారన్న కబురు నాకు కాలేజీ డార్మ్‌లో, కారిడార్ చివర ఉన్న ఫోన్‌లో తెలిసింది. "పొద్దున గుండెపోటొచ్చిందే. అంకుల్ కార్ స్టార్ట్ చేసేలోపే అయిపోయింది" అని అమ్మ ఏడ్చింది. నా వెనక ఇద్దరమ్మాయిలు ఫోన్ కోసం నిలబడి ఉన్నారు. పెట్టేసి గదిలోకి వచ్చి కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను. నెల రోజులైనా కుదురు చిక్కలేదు. ఆమెకి నేనొక మాట చెప్పాల్సి ఉంది. పదేళ్ళుగా రేపు రేపంటూ వచ్చాను.

మన సంఘం పత్రికకి ఆంటీ గురించి రాయమంటే ఒప్పుకున్నాను గాని, మూడుసార్లు రాసి చించేశాను. మంచి మనిషి, ప్రార్థనాపరురాలు, పులిహోర బాగా చేసేవారు అని రాస్తే సరిపోయేది. అవన్నీ మీకూ తెలుసు. మీకు తెలియనిది నా దగ్గర ఒకటుంది.

గుంటూరులో ఆమె పన్నెండేళ్ళు టీచరు. ఇక్కడ అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో, ఆ అనుభవం ఎవరికీ అక్కర్లేకపోయింది. మా స్కూల్లో మధ్యాహ్నం పూట లంచ్‌రూమ్‌లో పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే పని దొరికింది. చీర మీద స్వెటర్, దాని మీద ఏప్రన్, కాళ్ళకి మంచు బూట్లు, చేతిలో తడిగుడ్డ. టేబుళ్ళ మధ్య తిరుగుతూనే ఉండేవారు. ఎవరి పక్కన ఎవరున్నారో, ఎవరి పక్కన ఎవరూ లేరో ఆ కళ్ళు ఇట్టే పట్టేసేవి.

ఆదివారం మన ఆరాధన అయ్యాక, చర్చి బేస్‌మెంట్‌లో పిల్లలకి తెలుగు అక్షరాలు దిద్దించేవారు. దిద్దిస్తూ ఒక్కొక్కరినీ అడిగేవారు: "ఈ వారం ఎక్కడ కూర్చున్నావమ్మా?" ఎవరైనా కొట్టారా, ఏడిపించారా అని మాత్రం ఎప్పుడూ అడగలేదు. అలా అడిగితే ఏ పిల్లా నోరు విప్పదని ఆమెకి తెలుసు. కూర్చున్న చోటు చెబితే చాలు, మిగతాది ఆమే తెలుసుకునేవారు. "ఏడిపించేది ఒక్కతే ఉంటది వదినా, చుట్టూ నవ్వేవాళ్ళు పది మంది. నా పనంతా ఆ పది మందితోనే" అని మా అమ్మతో అంటుంటే విన్నాను.

నేను తొమ్మిదేళ్ళప్పుడు ఇక్కడికొచ్చాను. మొదటి ఏడాదంతా నా నూనె జడ, నా ఇంగ్లీషు ఆ పిల్లలకి మంచి కాలక్షేపం. 'గ్రీజీ', అంటే జిడ్డుది, అని పేరు పెట్టి, నేను కూర్చోగానే ముక్కు మూసుకుని లేచిపోయేవాళ్ళు. ఆంటీ అడిగితే "కిటికీ పక్కన, ఒక్కదాన్నే" అని చెప్పేదాన్ని. సోమవారం ఆంటీ తన డబ్బా తెచ్చుకుని నా పక్కన పెరుగన్నం తినేవారు. నిజం చెప్పాలంటే నాకది ఓదార్పుగా ఉండేది కాదు, ఇంకో తలవంపుగా ఉండేది.

ఐదో తరగతికల్లా వాళ్ళ యాస పట్టేశాను. ఎవరి గొంతునైనా అచ్చం వాళ్ళలాగే పలికించేదాన్ని, ప్రిన్సిపల్‌ది, బస్ డ్రైవర్‌ది. ఆ విద్యతోనే కిటికీ పక్కనుంచి మధ్య టేబుల్‌కి చేరాను. పెద్ద ఘనకార్యమే లెండి.

ఒకరోజు ఆ టేబుల్‌కి పెత్తందారైన పిల్ల అడిగింది, ఆ లంచ్ లేడీ మీ వాళ్ళేనా అని. "కాదు, ఆవిడెవరో నాకు తెలీదు" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. తల ఊపుతూ, ఆంటీ గొంతుతో, "ప్లీజ్ సిట్ డౌన్, చిల్డ్రన్! మిల్క్ ఫస్ట్, టాకింగ్ నెక్స్ట్!" అన్నాను. టేబులంతా పడీ పడీ నవ్వింది. ఉన్నట్టుండి ఎదుటివాళ్ళ నవ్వు ఆగిపోయింది. తిరిగి చూస్తే ఆంటీ నా వెనక టేబుల్ తుడుస్తున్నారు. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడిచారు.

కోడి కూసేలోపు పేతురు ప్రభువుని ఎరగనని మూడుసార్లు బొంకాడని మాకు చెప్పింది ఆమే. నేను బొంకింది ఒక్కసారే. కాకపోతే నాకు కోడి కూడా కూయలేదు.

ఆ ఆదివారం కడుపునొప్పన్నాను. అమ్మ వినలేదు. ఆంటీ అందరినీ అడిగి నా దగ్గరికి వచ్చారు. అదే గొంతు, అదే ప్రశ్న. "మధ్య టేబుల్ దగ్గర" అన్నాను. "బాగుందా అక్కడ?" అన్నారు. నేను దిద్దిన అక్షరాన్నే మళ్ళీ దిద్దాను. "సరే, 'క్ష' రాయి" అన్నారు. చెంప పగలగొట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని. ఆమె మా అమ్మతో కూడా చెప్పలేదు. ప్రతి ఆదివారం అడుగుతూనే ఉన్నారు.

కిటికీ పక్కన నా పాత చోట్లో నత్తి ఉన్న ఒక పిల్ల కూర్చునేది. మా టేబుల్ వాళ్ళు ఆ నత్తిని చేసి చూపించమన్నారు. నేను చెయ్యలేదు. నాలో మంచితనం పొంగిందని అనుకోకండి. ఆదివారం మళ్ళీ ఏం చెప్పాలన్న బెంగ, అంతే. ట్రే తీసుకుని లేచి వెళ్ళి ఆ పిల్ల ఎదురుగా కూర్చున్నాను. వెనకనుంచి 'గ్రీజీ' అని వినిపించింది. ఆ ఏడాది ఆఖరిదాకా వినిపిస్తూనే ఉంది. ఆంటీ దూరంనుంచి చూశారు. దగ్గరికి రాకుండా ఇంకో టేబుల్ తుడవడానికి వెళ్ళిపోయారు.

క్షమించమని అప్పుడైనా అడగాల్సింది. నేను హైస్కూల్లో ఉండగా క్రిస్మస్ ప్రోగ్రామ్‌లో ఆంటీ అందరి ముందూ, "ఈ పిల్ల నాలాగ భలే మాట్లాడుద్ది. ఏదీ, ఒకసారి చెయ్యి తల్లీ!" అన్నారు, నవ్వుతూనే. జలుబు చేసిందని తప్పించుకుని, బాత్రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను. నన్ను క్షమించి అన్నారో, గుర్తుందని చెప్పడానికి అన్నారో తేల్చుకోలేక ఇప్పటికీ నిద్ర పట్టదు.

సమాధి కార్యక్రమం అయ్యాక అదే బేస్‌మెంట్‌లో భోజనాలు. ఆంటీ కూతురు, ఇక్కడే పుట్టిన పన్నెండేళ్ళ పిల్ల, నా దగ్గరికొచ్చింది. "అక్కా, మమ్మీ వాయిస్ నువ్వు బాగా చేస్తావ్ అని మమ్మీ చెప్పేది. మా ఇంట్లో ఏ టేప్‌లో కూడా మమ్మీ వాయిస్ లేదు. వన్ టైమ్ చెయ్యవా, ప్లీజ్?"

ఈసారి జలుబని అనలేకపోయాను. పదేళ్ళుగా పలకని ఆ గొంతు నా నోట్లోంచి తనంతట తానే వచ్చింది.

"ఈ వారం ఎక్కడ కూర్చున్నావమ్మా?"

చుట్టూ ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుంది. "కిటికీ పక్కన, మమ్మీ. ఒక్కదాన్నే" అంది.