చిల్లగింజతో తేరిన నీళ్లు

2011 వానాకాలంలో భూపాలపల్లి నీటి పరీక్షల ల్యాబుకు అనలిస్టుగా బదిలీ అయ్యాను. ఇంటివాళ్లు జనగామలోనే ఉండిపోయారు. అద్దె గదిలో నేనొక్కణ్ణే. మాట్లాడే మనిషి కోసం ప్రాణం కొట్టుకునేది.

అక్కడ నా మొదటి పని వాగు ఒడ్డున బొగ్గు కడిగే ఒక ప్రైవేటు ప్లాంటుకు సంబంధించింది. దాన్ని పెంచడానికి యజమానులు అనుమతి అడిగారు. పెరిగితే దిగువ తండాలో చాలామందికి పని దొరుకుతుంది. ఆ తండావాళ్లు తాగేది వాగు నీళ్లే. అవి తాగడానికి పనికొస్తాయో లేదో నా రిపోర్టు చెప్పాలి.

మా పనిలో ఒక నియమం ఉంది. అధికారే స్వయంగా నీళ్లలోకి దిగి, సీసాను ఆ నీళ్లతోనే మూడుసార్లు కడిగి నమూనా నింపాలి. ఆ రోజు ఒడ్డంతా బురద. జారిపడతానని భయపడి, సీసాను తండాలో ఉండే సోమ్లి అవ్వ చేతికిచ్చి ఆమె గుడిసె ముందు కూర్చున్నాను. ఆమె కొడుకు ప్లాంటులోనే కూలి. సీసా రావడానికి గంట పైనే పట్టింది. ఎందుకని అడగలేదు. ‘స్వయంగా తీశాను’ అని రాసి సీలు వేశాను. పరీక్షలో నీళ్లు నిక్షేపంగా ఉన్నాయని తేలింది.

కొద్ది రోజులకే తెలంగాణ కోసం ఉద్యోగులమంతా సమ్మెలోకి దిగాం. ల్యాబుకు తాళం పడింది. రోజూ టెంటు కింద కూర్చునేవాణ్ణి. ‘అన్నా, తిన్నవా?’ అని ఎవరో ఒకరు అడిగేవారు. నిజం చెప్పాలంటే, ఆ ఊళ్లో నేను సుఖంగా ఉన్నది ఆ కొన్నాళ్లే.

ఒకనాడు సోమ్లి అవ్వ వాంతులతో సోలిపోయిన మనవరాలిని దవాఖానకు తెచ్చి, తిరిగి పోతూ టెంటు కింద నన్ను చూసి ఆగింది. డాక్టరు నీళ్ల వల్లే అన్నాడట.

“మా నీళ్లు మంచిగున్నయని రాసినవట సారూ. అవి నీకోసం చిల్లగింజ అరగదీసి, మడ్డంత అడుగుకు దించి తేర్చిన నీళ్లు. సుట్టాలొస్తేనే తీస్త ఆ గింజలు. నువ్వు తాగుతవనుకున్న.”

నాకు తల కొట్టేసినట్టయింది. అనుమతి మీటింగుకు ఇంకా మూడు రోజులే ఉంది. మళ్లీ పరీక్ష చేయాలంటే హాజరు రిజిస్టరులో సంతకం పెట్టాలి, అంటే సమ్మె విడవాలి. సంతకం లేని రోజు చేసిన పరీక్ష చెల్లదు. సంఘం నాయకుడికి అంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు.

“సంతకం పెట్టినవంటే మా లెక్కల లేనట్టే అన్నా,” అన్నాడు.

పెట్టాను. ఈసారి మోకాళ్ల లోతు దిగి సీసా నింపాను. నీళ్ల నిండా బొగ్గుపొడి. మొదటి నమూనా నేను తీయలేదని కూడా రిపోర్టులోనే రాశాను. పై నుంచి నాకు మందలింపు వచ్చింది. మీటింగులో, మురుగు తేరే గుంటలు కట్టేదాకా ప్లాంటును పెంచొద్దన్నారు. ఆ సాకుతో యజమానులు కొందరు కూలీలను తీసేశారు. వాళ్లలో సోమ్లి అవ్వ కొడుకూ ఉన్నాడు. అతను హైదరాబాదు పోయాడు. పిల్ల కోలుకుంది.

సమ్మె ముగిశాక ల్యాబులో నన్ను ఎవరూ చాయ్‌కి పిలవలేదు. రాష్ట్రం వచ్చిన రోజు బయట అందరూ రంగులు చల్లుకుంటుంటే గదిలోనే ఉన్నాను. నాకూ సంతోషమే. చెప్పుకోవడానికి మనిషి లేడు.

నమూనాను మోసం నుంచే కాదు, మర్యాద నుంచి కూడా కాపాడుకోవాలని ఆ వాగు దగ్గర నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా ప్రతి సీసా నేనే దిగి నింపాను. ఏ ఊళ్లోనైనా నాకు తాగడానికి నీళ్లిస్తే, వాళ్లు తాగే కుండ ఏదని అడిగి, అందులోంచే ముంచుకున్నాను.