నేను మింగేసిన పేరు

నా చిన్నప్పుడు తిరుచానూరులో మా పిన్ని పూలు కడుతూ పాటలు కట్టేది. అరుగు మీద తడిగుడ్డలో కనకాంబరాలు, ఒళ్ళో అరటినార, నోట్లో పదం. ఆమెకు చదువు రాదు. చరణం నచ్చకపోతే తల అడ్డంగా ఊపి మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకునేది. ఎదురుగా కూర్చుని పూలు అందిస్తూ ఆ పాటలన్నీ అందరికంటే ముందు విన్నది నేనే. గొప్పకు చెప్పడం లేదు, ఒప్పుకోవడానికి చెబుతున్నాను.

మా వీధి ఆడపిల్లలకు కోలాటం నేర్పే గురువుగారు ఒకాయన ఉండేవాడు. చేతికి వెండి కడియం, చంకలో నోటుపుస్తకం. ఏటా కార్తీకంలో అమ్మవారి ఉత్సవాలకు కొత్త పాట కావాలి. ఆయన సాయంత్రం పూట మా అరుగు మీదికి వచ్చి కూర్చుంటే పిన్ని చెప్పేది, ఆయన రాసుకునేవాడు. పాట చివరి చరణంలో కట్టినవాళ్ళ పేరూ ఊరూ చెప్పడం ఆనవాయితీ. అక్కడ ఏటా ఆయన పేరే ఉండేది. సొమ్మొకడిది, సోకొకడిది. అది ఇంట్లో ఎవరికీ తప్పుగా తోచలేదు. నాకూ తోచలేదు.

ఒక ఏడు బడిలో ఇంగ్లీషు టీచరమ్మ ఒక కథ చెప్పింది. గ్రీకుదేశంలో పాటలకూ కావ్యాలకూ తొమ్మిది మంది దేవతలట, అంతా అక్కచెల్లెళ్ళట. వాళ్ళలో ఒకామె వచ్చి పలికిస్తే తప్ప కవి నోరు పెగలదట. వాళ్ళకంటే తానే గొప్పవాణ్ణని ఒక పాటగాడు విర్రవీగితే, వాడి పాటను వాళ్ళు వెనక్కి తీసేసుకున్నారట. ఇంటికొచ్చి పిన్నికి చెప్పాను. ఆమె చెయ్యి నార మీద ఆగింది.

"ఆ పలికించినామె పేరేందో చెప్పిందా మీ టీచరు?"

వాళ్ళలో పెద్దామె పేరు కలియోపీ అన్నాను.

"పోనీలే, ఆమెకు పేరన్నా ఉండాది," అంది పిన్ని.

మర్నాడు గురువుగారిని అడిగేసింది, ఈ ఏడు చివరి చరణంలో తన పేరు పెడదామని. ఆయన కోప్పడలేదు. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. "నువ్వు మాకు సరస్వతివి తల్లీ. పలికించేది నువ్వు, పలికేది మేము. సరస్వతి యాడన్నా తన పేరు పెట్టుకుంటాదా?" ఎంత బాగా అన్నాడని ఇరుగుపొరుగు మురిసిపోయారు. పిన్ని మాత్రం, "సరస్వతి పేరు ఊరందరికీ తెలుసు అయ్యవారూ. నా పేరు మీ పిల్లోళ్ళలో ఒక్కురికన్నా తెలుసునా?" అంది. ఆయన నవ్వి పుస్తకం మూశాడు. మనిషిని దేవతను చేసేస్తే ఆమె అడిగినది ఇవ్వనక్కర్లేదు. ఆ దణ్ణం తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఆ ఏడు పిన్ని పల్లవి చెప్పింది, రెండు చరణాలు చెప్పింది. చివరిది అడిగితే, "రాలేదయ్యవారూ, వస్తే చెప్తా," అంది. అబద్ధం. అది ఎప్పుడో వచ్చింది. నేను విన్నాను. అందులో ఆమె పేరు ఉంది.

గురువుగారు తానే ఏదో అతికించుకున్నాడు. ఉత్సవం నాటి పొద్దున వీధిలో ఇరవై మంది ఆడపిల్లలం ఆడుతున్నాం. ఆయన చరణం వచ్చేసరికి పాట కుంటింది. కోలలు గతి తప్పి ఒకరి వేళ్ళ మీద ఒకరం కొట్టుకున్నాం. జనం నవ్వారు. గురువుగారి చూపు నా మీద పడింది. పిన్ని పాట కట్టేటప్పుడు అరుగు మీద నేనూ ఉంటానని ఆయనకు తెలుసు. వీధి పక్కన జనంలో పూలబుట్ట పట్టుకుని పిన్ని నిలబడి ఉంది.

నేను పిన్ని చరణం ఎత్తుకున్నాను. కోలలు దారిలో పడ్డాయి, ఆయన నా వెనకే అందుకున్నాడు. పేరు చెప్పాల్సిన చోటు వచ్చింది. ఆయన నా వైపే చూస్తున్నాడు. నేను పిన్ని పేరు మింగేసి ఆయన పేరు పాడాను. ఎవరూ చెప్పలేదు, ఎవరూ బెదిరించలేదు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన నా చేతిలో పటికబెల్లం పెట్టాడు. తిన్నాను.

ఇంటికెళ్ళి దెబ్బల కోసం ఎదురుచూశాను. పిన్ని నాకు అన్నం పెట్టింది.

"పాట తెలుసు గాబట్టి పాడినావు. దానికి నేనేమీ అనను. పేరు కాడికొచ్చేసరికి నీ నోరు యెవురు మూసినారు మే?"

అంతే అడిగింది. ఆ తర్వాత నా ముందు పూలు కట్టింది గానీ పాట కట్టలేదు. మరుసటి ఏడు గురువుగారు రెండుసార్లు వచ్చినా "రాలేదు" అనే చెప్పింది. ఈసారి అది నిజం.

మొన్న మా మనవరాలు ఫోనులో ఏదో ఆట ఆడుతూ చూపించింది. అందులో ఆ కలియోపీ ఉంది. నడుమంతా కనబడే బట్టలు, చేతిలో తీగల వాయిద్యం. వీరుడి వెనక నిలబడి ఆమె పాడితే వాడికి బలం వస్తుందట. ఆమె గెలవదా అని అడిగాను. "ఆమె గెలిచేదానికి కాదవ్వా, గెలిపించేదానికి," అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్ని వేల ఏళ్ళైనా ఆమెను అక్కడే నిలబెట్టారు!

ఆ కోపంలో దాని చేతే ఫోనులో మా కోలాటం పాట వెతికించాను. వీడియో దొరికింది. మా వీధి పిల్లలే, ఒకే రంగు చీరల్లో ఆడుతున్నారు. చివరి చరణంలో గురువుగారి పేరు. కింద ఎవరో ఆయన అమరుడని రాశారు. గురువుగారు దొంగ, ఆ మాట అనడానికి నాకు జంకు లేదు. కానీ ఆ చరణంలో ఆయన పేరు పెట్టింది ఆయన కాదు, నేను.

పిన్ని పోయి చాలా ఏళ్ళైంది. ఇప్పటికీ ఆ చరణం ఎత్తుకుంటే నా నాలుక ముందుగా గురువుగారి పేరు మీదికే పోతుంది. పళ్ళు బిగించి వెనక్కి లాక్కుని, సరిగ్గా పాడి, మనవరాలి చేత ఫోనులో పట్టించాను. ఇంతదాకా రాసి చూసుకుంటే, ఇందులోనూ ఆమెను పిన్ని అనే రాశాను. ఆమె పేరు చెంగమ్మ. ఆ పాట కట్టింది తిరుచానూరు చెంగమ్మ.