రెడ్డెప్ప క్రేట్లూ, మా రచయిత్రి కొత్త హీరో

ఆ రోజుల్లో నా లోకజ్ఞానమంతా ఒకే ఒక్క రచయిత్రి పెట్టిన భిక్ష. మరీ పాత సంగతేం కాదు, అప్పటికే అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. నేను పుంగనూరులో బస్సెక్కి మదనపల్లె టమోటా మార్కెట్లో ఒక కమీషను మండీకి వెళ్ళి చీటీలు రాసేదాన్ని. దారిపొడుగునా ఆవిడ నవలలే. ఎవర్ని నమ్మాలో, అత్తగారితో ఎలా నెగ్గుకురావాలో (అత్తగారు ఇంకా లేరు, అయినా సిద్ధంగా ఉండాలి కదా), ఎప్పుడు ఏడవాలో, ఎప్పుడు ఏడవకూడదో అన్నీ ఆవిడే నేర్పింది. ఆవిడ నాయికలు ఎవరి ముందూ తల వంచరు. నేనూ వంచేదాన్ని కాదు, మా ఓనరు పిలిచినప్పుడు తప్ప.

మండీలో కంప్యూటరు చూసే అతనిది కుప్పం. అందుకని మార్కెట్లో అందరికీ కుప్పమాయనే. హమాలీలతో తెలుగు, లారీ డ్రైవర్లతో తమిళం, కన్నడం ధారాళంగా మాట్లాడతాడు. నాతో మాత్రం ఏ భాషలోనూ పెద్దగా మాట్లాడేవాడు కాదు. అలాంటివాడు ఒక సోమవారం నా బల్ల దగ్గరికొచ్చి, చీటీల కట్ట వైపు చూస్తూ, "ఆదివారం ఊరికి పోతాండా. మా అమ్మతో నీ సంగతి మాట్లాడేదా, వద్దా?" అన్నాడు. శనివారం చెబుతానన్నాను. ఆ మధ్యలోనే మా రచయిత్రి కొత్త నవల పోస్టులో రావాలి మరి. ఆఫీసులో పుట్టిన ప్రేమకథ అని ముందే చాటించారు. ఇంతకంటే సమయానికి ఎవరైనా ఆదుకుంటారా?

మంగళవారం వచ్చింది. రెండు రోజుల్లో, రానూ పోనూ బస్సులో, అది పూర్తి చేశాను. హీరో పెద్ద కంపెనీ యజమాని, అద్దాల గదిలో ఉంటాడు. నాయిక ఇచ్చిన ఫైలు చింపి విసిరేస్తాడు. అందరి ముందూ అరుస్తాడు. ఆ పిల్ల ఏడుస్తుంది, మళ్ళీ ఫైలు తెస్తుంది, మళ్ళీ ఏడుస్తుంది. అదంతా ప్రేమేనని చివర్లో తెలుస్తుంది. పెళ్ళికి ముందురోజు ఉద్యోగం మానేస్తుంది, సంతోషంగా. నేను అట్ట తిప్పి రచయిత్రి పేరు మళ్ళీ చూసుకున్నాను. ఆవిడే. క్రేటు పైవరసలో ఎర్రటి కాయ పేర్చి అడుగున మెత్తబడినవి పోస్తే మా మార్కెట్లో నలుగురూ చేరి నిలదీస్తారు. నేనెవర్ని నిలదీయను? నిజంగానే ఏడుపొచ్చింది. పోనీ నవల బాగాలేదని పక్కన పడేద్దామంటే అదీ చేతకాలేదు. పదేళ్ళుగా నన్ను నడిపించిన మనిషి ప్రేమంటే ఇదీ అంటుంటే, తప్పు ఆవిడదో నాదో ఎలా తేలుతుంది? అరుపే ప్రేమైతే, నామీద ఒక్కసారీ అరవని కుప్పమాయనకు నేనంటే ఇష్టమే లేదన్నమాట. (అరుపే ప్రేమైతే మా ఓనరు మార్కెట్టు మొత్తాన్నీ ప్రేమిస్తున్నాడు.) ఎటూ పాలుపోక, అతనికి కోపం తెప్పించి చూద్దామనుకున్నాను.

మా మండీలో ఒక పద్ధతి ఉండేది. రైతు కాయ దించాక, మరుసటి కోతకు ఖాళీ క్రేట్లు మేమే అతని టెంపోలో వేసి పంపాలి. ఎవరికెన్నో నేను చీటీ రాస్తే, కుప్పమాయన సరిచూస్తాడు, హమాలీలు ఎక్కిస్తారు. మా వైపు వీధికొక రెడ్డెప్ప ఉంటాడు కాబట్టి పేరొక్కటే చాలదు, ఊరూ రాయాలి. శుక్రవారం నేను పెద్దపంజాణి రెడ్డెప్పకు అరవై రాయాల్సింది పది, రామసముద్రం రెడ్డెప్పకు పది రాయాల్సింది అరవై, కావాలనే తారుమారు చేశాను. కుప్పమాయన చూస్తాడు, అరుస్తాడు, నా పెళ్ళి సంగతి తేలిపోతుంది. సరిగ్గా అప్పుడే ఓనరు అతన్ని యార్డు ఆఫీసుకు పంపాడు. చీటీలు నేరుగా హమాలీల చేతికి వెళ్ళాయి. నేను లబలబలాడుతూ గేటు దగ్గరికి పరిగెత్తేసరికి రెండు టెంపోలూ వెళ్ళిపోయాయి.

ఇంకో గంటకు ఫోను. పెద్దపంజాణి రెడ్డెప్ప. "రేప్పొద్దున కాయ కోసేదానికి ఇరవై మంది కూలోళ్ళు వస్తాండారు. పది క్రేట్లు పంపిస్తే కాయ యాడ పోసేది తల్లీ?" ఆయన గొంతులో కోపం లేదు, దిగులుంది. నా ప్రేమ పరీక్షకు ఒక రైతు తోటంతా బలి అవబోతోంది. చీటీ తప్పు రాశానని కుప్పమాయనతో చెప్పాను. కావాలనే రాశానన్న ముక్క మింగేశాను. అతను అరవనైనా అరవకుండా టెంపో మాట్లాడుకుని, రామసముద్రం పోయి క్రేట్లు ఎక్కించుకుని, పెద్దపంజాణిలో దించి వచ్చాడు.

శనివారం కోత సక్రమంగా జరుగుతోందని తెలిశాక, ఉన్నదంతా కక్కేశాను, నవలతో సహా. ఇక నాతో మాట్లాడడనే అనుకున్నాను. అతను, "కోపమైతే వచ్చె. క్రేట్లు దించినాక కోప్పడదాంలే అనుకుంటి. దించేసరికి ఆకలైపాయ" అన్నాడు. నా బల్ల మీది నవల తీసి నాలుగు పేజీలు తిప్పి, "ఈళ్ళ ఆఫీసులో పనిచేసేది ఎవురు?" అని అడిగాడు. అన్ని రోజులు కుమిలిపోయినా నాకు తట్టనిది అదే. సిగ్గు, నవ్వు, ఏడుపు ఒకేసారి ముంచుకొచ్చాయి. వాళ్ళమ్మతో మాట్లాడమని చెప్పాను.

ఇప్పుడు కుప్పంలో మా ఇంట్లో ఆవిడ నవలలన్నీ ఉన్నాయి, ఆ ఆఫీసు ప్రేమకథా ఉంది. అప్పుడప్పుడూ తీస్తాను. ఒక్క అరుపు కోసం రెండు చీటీలు తారుమారు చేసిన నాలోని ఆనాటి పిల్ల కళ్ళముందు నిలబడితే, చెవి మెలేయాలనీ అనిపిస్తుంది, దగ్గరికి తీసుకోవాలనీ అనిపిస్తుంది. ఆ నవలే నాకు నచ్చి ఉంటే ఆ శనివారం, అరవడం రాని ఈయనకు వద్దని చెప్పి ఉండేదాన్ని. అందుకని, అంత చెత్త నవల రాసినందుకు ఆవిడ మీద అలగాలో, ఆవిడకు దండం పెట్టాలో నాకు ఈనాటికీ తేలడం లేదు.