పెద్దమ్మగారు చెప్పకుండా వచ్చే రోజు

మొన్న బోరబండలోని పసిపిల్లల కేంద్రానికి ఎప్పటిలాగే సాయానికి వెళ్లి గుమ్మంలోనే నిలబడిపోయాను. లోపల వరసగా మెరిసే స్టీలు పళ్లేలు, వాటిలో బగారా అన్నం, పక్కన చిన్న గిన్నెల్లో డబల్ కా మీఠా, వాటికి ఎదురుగా సెల్‌ఫోను పట్టుకుని ఫోటో తీస్తున్న ఆయమ్మ. సరిగ్గా ఇదే వడ్డన ఇదే గదిలో నేను ఒకసారి చూశాను, ఆ రోజు సిగ్గుతో చచ్చిపోయాను కూడా.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. అమీర్‌పేటలో టైపు నేర్చుకుని, పంజాగుట్టలో ఒక కుటుంబం నడిపే ట్రస్టులో చేరాను. మన కాలపు ఆఫీసులు మీకు తెలియనివా, కింద వాళ్ల ఇల్లు, పైన రెండు గదుల్లో ట్రస్టు, పదకొండు గంటలకల్లా కింది వంటింటి తాలింపు ఘాటుకు పైన టైపు మిషను ముందు నేను తుమ్ముతూ ఉండేదాన్ని. జిల్లాల నుంచి అంధుల బడి వాళ్లు, కుట్టు కేంద్రం వాళ్లు సాయం కోరుతూ ఉత్తరాలు రాసేవారు. ఆ ఇంటి పెద్దమ్మగారు ఉత్తరాలన్నీ చదివి పక్కన పెట్టి, ఏడాదికోసారి చెప్పాపెట్టకుండా మధ్యాహ్నం పూట ఆయా చోట్లకు వెళ్లి, అక్కడి వాళ్ల పంక్తిలో నేల మీద కూర్చుని, వాళ్లకు పెట్టిందే తిని వచ్చేవారు. ఆ తర్వాతే సాయం సంగతి తేలేది.

బోరబండ కేంద్రాన్ని అందరూ అక్కా అన్నట్టు ఆపా అని పిలిచే ఒకామె నడిపేది. కూలికి వెళ్లే తల్లులు పొద్దున్నే పిల్లలను ఆమెకు అప్పగించి పోయేవారు. ఒకరోజు ఆపా ఆఫీసుకు వచ్చి, బియ్యం అడుగంటాయని, పప్పులో నీళ్లే ఎక్కువని నాతో చెప్పుకుని కళ్లు తుడుచుకుంది. మర్నాడే పెద్దమ్మగారు అక్కడికి వెళ్తున్నారని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ పప్పు చూసి సాయం ఆపేస్తే పిల్లలంతా మళ్లీ ఇసుక కుప్పల పక్కన పడుకోవలసిందే. మనసు ఆగక, సాయంత్రం మైత్రీవనం దగ్గర బూత్ నుంచి ఆపా పక్కింటి కిరాణా కొట్టుకు ఫోను చేసి కబురు చెప్పాను. చాలా మంచి పని చేశానని రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

మర్నాడు పెద్దమ్మగారితో నేనూ వెళ్లాను. ఇరుగుపొరుగుల దగ్గర అడిగి తెచ్చిన స్టీలు పళ్లేలు, బగారా అన్నం, డబల్ కా మీఠా. పెద్దమ్మగారి పక్కన కూర్చున్న నాలుగేళ్ల పిల్ల మిఠాయి సగం తిని, మిగతాది గౌను ఒళ్లో దాచుకుని, ఆమె మోచేయి పట్టుకుని అడిగింది.

"నువ్వు రేపు సుత వస్తవా? నువ్వొస్తేనే గిది పెడ్తరంట."

పెద్దమ్మగారు ముద్ద పళ్లెంలో వదిలేసి లేచారు. ఎవరు చెప్పారని ఆపాను అడిగారు. ఆపా తల వంచుకుంది కానీ నా పేరు ఎత్తలేదు. తిరుగు దారిలో కారు అమీర్‌పేట దాటేదాకా నేను ఓర్చుకుని, ఇక తట్టుకోలేక భోరున ఏడుస్తూ తప్పు నాదేనని చెప్పేశాను. ఆమె కోప్పడతారనుకుంటే, నా వంక నిర్ఘాంతపోయి చూశారు.

"నేను తప్పులు వట్టనీకి పోతున్న అనుకున్నవా బిడ్డా? ఏం తక్కువున్నదో తిని చూస్తే గదా నాకు తెలిసేది."

ఆ మాట విన్న క్షణం ఇప్పటికీ నాకు చెంపదెబ్బలాగే ఉంటుంది. అన్నేళ్ల ఆ ఇంటి ఆచారాన్ని నేను పరీక్ష అనుకున్నాను. వారం తిరగకముందే ఆమె మళ్లీ వెళ్లి, ఆ నీళ్ల పప్పే తిని, మర్నాటి నుంచి బియ్యం, పప్పు రెట్టింపు పంపించారు.

ఇప్పుడు ట్రస్టు ఆమె మనవడి చేతిలో ఉంది. కేంద్రం ఆపా కోడలు చూస్తోంది. సాయం కావాలంటే ఫోనులోనే దరఖాస్తు, భోజనం ఫోటో జతచేస్తే చాలట. మొన్న ఆ ఫోటో వెళ్లిన కాసేపటికే మంజూరైనట్లు మెసేజీ వచ్చింది. అందరూ సంతోషించారు. నేను మాత్రం బిత్తరపోయి, ఎవరూ తినడానికి రారా అని అడిగాను. ఆపా కోడలు నవ్వి, ఈ రోజుల్లో ఎవరొస్తరమ్మా అంది. ఆయమ్మ వచ్చే నెల ఫోటో కోసం ఆ గిన్నెలను కడిగి అలమారులో పెడుతోంది.

పొయ్యి పక్కన రేపటికి నానబెట్టిన పప్పు గుప్పెడే ఉంది. ఆ సంగతి చెప్పి ఏడవడానికి ఆనాటిలా కారులో నా పక్కన ఇప్పుడు పెద్దమ్మగారు లేరు.