నేల చూపులు

తొలకరి పడగానే వజ్రకరూరు చుట్టుపక్కల చేలు తిరునాళ్లలా నిండిపోతాయి. వానకు కడిగిన రాళ్లలో ఏదో ఒకటి వజ్రం కాకపోతుందా అని అందరికీ ఆశ. నేనూ ఏటా వెతుకుతాను. ఇంతవరకూ నాకు దొరికింది నడుంనొప్పే.

పోయిన యేడు మా అత్త కూడా వచ్చింది. ఆమెకు నడుము వంగదు. వంగనిది నడుమొక్కటే కాదని ఆమె కోడలిగా నాకు బాగా తెలుసు. గొడుగు వేసుకుని గట్టు మీద కూర్చుంది. మిగతా వాళ్లమంతా తలలు వంచుకుని రాళ్లు ఏరుతున్నాం.

ఇంతలో నా పక్కనే, ఎస్సీ కాలనీ నుంచి వచ్చిన కూలామె "దొరికె!" అని అరిచింది. చేను ఆసామి పరుగున వచ్చాడు.

"మీకూ వజ్రాలు కావల్సొచ్చెనా?" అంటూ ఆమె మణికట్టు మెలితిప్పి రాయి లాక్కున్నాడు. గాజులు పగిలి రక్తం కారింది. అడ్డం తిరిగితే తోసేశాడు. మేమంతా తలెత్తి చూశాం. చూసి, మళ్లీ దించేశాం.

ఆమె ఏడుస్తూ పోయి ఊరిపెద్దను పిలుచుకొచ్చింది.

"ఆ రాయి నాకు దొరికిండేది. ఊరికే రగడ చేస్తాండాది," అన్నాడు ఆసామి.

"ఎవరైనా చూసినారా?" అని పెద్దమనిషి అడిగాడు.

"రాళ్లు ఏరతాంటిమి అన్నా, తలెత్తలేదు," అన్నారు ఒకరి తర్వాత ఒకరు.

ఇంత చక్కని సాకు ఇంకే పనిలోనూ దొరకదు. నేనూ అదే అందామనుకున్నాను. మా బర్రెలు తాగేది ఆసామి బోరు నీళ్లే మరి.

"నేను చూసినా," అంది అత్త గట్టు మీంచి. "ఆయమ్మి చేతిలోంచి పెరుక్కున్యాడు."

ఆసామి నవ్వాడు. "ముసిల్దానికి కండ్లు యాడ కనపడతాయప్పా! ఇంకొకరిని చెప్పమను."

అత్త నా వైపు చూసింది. నాకు కోపం వచ్చింది, ఆసామి మీద కాదు, ఆమె మీదే. రేపట్నుంచి నీళ్లు మోయాల్సింది నేను కదా! కూలామె మాత్రం నా వైపు చూడనే లేదు. నేను చెప్తానని ఆమెకు ఏ కోశానా నమ్మకం లేదు. అదే నాకు గుచ్చుకుంది.

"నేనూ చూసినా," అన్నాను.

పెద్దమనిషి ఇప్పించడంతో రాయి తిరిగి కూలామె చేతికి వచ్చింది. అది వజ్రమో వట్టి రాయో నేను అడగలేదు. మర్నాటి నుంచి ఆసామి మా బర్రెలను తన బోరు తొట్టి దగ్గరికి రానివ్వలేదు. ఎండాకాలంలో ఒకదాన్ని అమ్ముకున్నాం, ఆ రోజు నేను అన్నం తినలేదు. తలెత్తలేదన్న వాళ్లకు మాత్రం ఏ నష్టమూ రాలేదు. వాళ్లను తిట్టుకుందామంటే నాకు నోరు రాదు. గట్టు మీద అత్త లేకుంటే నేనూ వాళ్లలో ఒకదాన్నే.

ఈ యేడు మళ్లీ తొలకరి పడింది. పొద్దున్నే అత్త గొడుగు తీసింది.

"యాడికి? ఆయప్ప మనల్ని చేన్లోకి రానీడు," అన్నాను.

"దావలో కూచుంటాలే. ఏరేకి కాదు మే, చూసేకి."