సరంగు గారు పిలిచిన పేరు

సరంగు గారు పోయారని కాలవ పడవవాడు లాకు దగ్గర చెప్పాడు. తలుపులు తెరిచేదాకా పడవ ఆగాలి కదా, ఆ కాసేపట్లో చెప్పాడు. "తాళ్ళరేవులో సరంగు గారు మొన్న పొద్దున పోయారండి. గంజి తాగుతా తాగుతానే ఒరిగిపోయారంట." తలుపులు తెరుచుకున్నాయి. పడవ వెళ్ళిపోయింది. నేను గట్టు మీదే కూర్చుండిపోయాను.

ఆయన్ని ఎరగనివాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు. ఆయన కోరంగి నుంచి బర్మాలోని రంగం రేవుకి తెరచాప ఓడ నడిపేవారు. అక్కడ టేకు దుంగలు ఎక్కించుకుని, ఈశాన్యపు గాలి పట్టుకుని తిరిగొచ్చేవారు. బక్క మనిషి. గొంతు మాత్రం పెద్దది.

నేను రంగం వెళ్ళింది కూలికి. కూలీల్ని కుదుర్చుకున్న మేస్త్రీ మమ్మల్ని ఉత్తరాన పైదేశం తీసుకెళ్ళి రైలుకట్టకి మట్టి మోయించాడు. అంతలో ఆ దేశపు రాజుకీ దొరలకీ యుద్ధం వచ్చింది. ఊళ్ళు తగలబడ్డాయి. ఒకరోజు లేచి చూస్తే మేస్త్రీ లేడు. నడిచి నడిచి రంగం చేరాం. దారిలో కూలబడినవాళ్ళని లేపలేకపోయాం. రేవులో పొగ ఓడలన్నీ సిపాయిలకే. బియ్యం కొట్ల వెనకాల పడి ఉండేవాళ్ళం. రోజూ పొద్దున ఎవరో ఒకరి మొహం మీద గుడ్డ కప్పేవాళ్ళం.

ఆయన దుంగల కోసం వచ్చి మమ్మల్ని చూశారు. మాలో ఇద్దరు నీళ్ళ కాడ తిట్టుకుంటుంటే తెలుగు విని ఆగారు. "ఎవర్రా మీరు? ఏ ఊరు?" అన్నారు. మా కథంతా విన్నారు. తరవాత ఓడ మనుషులతో, "దుంగలు దింపెయ్యండి. అవి వచ్చే ఏడాదికీ ఉంటాయి. వీళ్ళుండరు" అన్నారు.

పీపాల్లో నీళ్ళు ఎనభై గొంతులకే వస్తాయి. మేం వంద దాటి ఉన్నాం. వీధిబడిలో చదివానని పేర్లు రాసే పని నాకు చెప్పారు. "జబ్బోళ్ళనీ, పిల్లలున్నోళ్ళనీ ముందు రాయి పంతులూ. గట్టిగా అడుగు. నువ్వు నోరు తెరిస్తే గాలి ఆగిపోద్దా ఏంటి?" అని నవ్వించారు. మిగతావాళ్ళకి వెనక ఇంకో ఓడ వస్తుందన్నారు. అన్నారే గాని మా మొహాలు చూడలేదు.

తాటాకు మీద గంటంతో రాశాను. పేరూ ఊరూ అడిగాను. ఇంటిపేరు అడగలేదు. ఇంటిపేరు అడిగితే కులం అడిగినట్టు ఉంటుంది. అందరూ ఒకే పీపా నీళ్ళు తాగబోతున్నారు, ఎందుకు రేపడం అనుకున్నాను. నిజం చెప్పాలంటే మొహమాటం.

రాసింది చూసుకుంటే 'ద్రాక్షారామం భీమన్న' అని రెండుసార్లు ఉంది. పొరపాటున రెండుసార్లు రాశాననుకున్నాను. ఒకటి కొట్టేసి, ఆ చోట ఒక ముసలాయన పేరు రాశాను. ద్రాక్షారామం చుట్టుపక్కల ఇంటికో భీమన్న ఉంటాడని నాకు తెలీదా? పరదేశంలో చిన్న ఊరి పేరు చెప్తే ఎవరికి తెలుస్తుందని ఇద్దరూ పెద్ద ఊరి పేరే చెప్పారు.

పేర్లు పిలుస్తుంటే ఒక భీమన్న ఎక్కాడు. రెండోవాడు నెత్తిన మూట పెట్టుకుని తన పేరు కోసం చూస్తూ నిలబడ్డాడు. ఓడ ఆటుకి కదిలింది. ఏటి మొగ దాటి సముద్రంలోకి వచ్చాక ఎక్కిన భీమన్న అడిగాడు: "మా పక్కూరి భీమన్న రాలేదేంటండీ? వాడి పేరూ రాశారు గదా?"

సరంగు గారు నా వంక చూశారు. నేను సముద్రం వంక చూశాను. "ఆ ఆకు ఇలా ఇవ్వు" అన్నారు. ఇచ్చాను. నడుంకి చుట్టిన గుడ్డలో దోపుకున్నారు. అంతే. ఆ ప్రయాణంలో ముగ్గుర్ని సముద్రానికిచ్చాం. అందరూ తాగాకే ఆయన నీళ్ళు ముట్టేవారు.

కోరంగి ఒడ్డున మళ్ళీ కూలికి పట్టుకుపోడానికి కొత్త మేస్త్రీలు కాసుకుని ఉంటారని ఆయనకి తెలుసు. ఓడని దూరాన ఆపి, చిన్న పడవల్లో కాలవల వెంట ఎవరి రేవులో వాళ్ళని దింపించారు. "ఎక్కించుకున్నోడు వాళ్ళింటి గడప తొక్కేదాకా నా మెడ మీదే ఉన్నట్టు" అనేవారు.

నన్ను దింపే పడవలో ఆయనా వచ్చారు. దారిలో ఆ రేవులో ఉండిపోయిన భీమన్న ఇల్లు. భార్య బయటికి వచ్చింది. "అమ్మా, మీ ఆయన్ని వదిలేసి వచ్చాను. తప్పు నాది" అన్నారు. నేను ఆయన వెనకే ఉన్నాను. ముందుకి రాలేదు. ఆవిడ ఆయన మొహానే తలుపేసింది.

తరవాత ఏటా రంగం వెళ్ళినప్పుడల్లా రేవంతా తిరిగి పిలిచేవారు. సిపాయిల మూటలు మోయడానికి కొందర్ని పైదేశానికి పట్టుకెళ్ళారని ఎవరో చెప్పారు. అంతకు మించి ఏమీ తెలియలేదు. తిరిగొచ్చి ఆవిడకి చెప్పేవారు. కొన్నేళ్ళకి తలుపు తెరుచుకుంది.

"పిలిచారా అన్నయ్యా?"

"పిలిచానమ్మా."

"ఎలా పిలిచారు?"

ఆయన లేచి, నోటికి చేతులడ్డం పెట్టుకుని, కాలవ దద్దరిల్లేలా పిలిచేవారు. మొగుడి పేరు ఆవిడ నోటితో అనకూడదు కదా. ఏడాదికోసారి అలా వినేది.

నేనొకసారి, "ఆవిడతో చెప్పేస్తానండి" అన్నాను. "ఇప్పుడొద్దు. నా మీద కోపంతో ఇన్నేళ్ళు నిలబడింది. మళ్ళీ కొత్తగా నీ మీద ఎక్కడ మొదలెడద్ది?" అన్నారు.

సరంగు గారు పోయిన పదోరోజున ఆయన కూతురు ఆ పేర్ల తాటాకు నా చేతిలో పెట్టింది. అది పట్టుకుని భీమన్న ఇంటికి వెళ్ళాను. ఆవిడ నుదుట బొట్టు అలాగే ఉంది. వాకిట్లో ధాన్యం తిరగేస్తోంది. అంతా చెప్పాను. నా జన్మలో అంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు. కొట్టేసిన పేరు మీద ఆవిడ వేలు పెట్టించాను.

"ఇంటిపేరు అడిగుంటే ఏం పోయేదండి?" అంది. అంతే అంది.

ధాన్యం అంతా తిరగేసింది. చేతులు దులుపుకుని రేవులోకి నడిచింది. వెనకే వెళ్ళాను.

"పిలవండి."

"నేనా అమ్మా?"

"ఆయన లేరు గదండీ. ఇంకెవరు పిలుస్తారు?"

నోటికి చేతులడ్డం పెట్టుకున్నాను. మొదటిసారి పిలిచింది నాకే వినబడింది. రెండోసారి గట్టిగా పిలిచాను. "భీమన్నోయ్!"

కాలవలో ధాన్యం పడవ ఒకటి వస్తోంది. గడ వేస్తున్న మనిషి తలెత్తాడు. "ఆఁ! నన్నేనా? ఎవరండీ?" అన్నాడు.

ఆవిడ ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని, పడవ మలుపు తిరిగేదాకా అతని మొహమే చూస్తూ నిలబడింది.